బడి గంట కొట్టే వేళకు కడుపునొప్పి

పొద్దున ఎనిమిదిన్నర అయింది. పిల్లలంతా సంచులు తగిలించుకుని బడికి పోతున్నారు. మూడో తరగతి చదివే చిన్నోడు మాత్రం పొట్ట పట్టుకుని మూల కూర్చున్నాడు.

"అమ్మా, కడుపునొప్పి."

అవ్వ వాము నీళ్లు తాగించింది. దిష్టి తీసింది. బడి గంట మోగింది. ఇంకో అరగంట గడిచింది. నొప్పి పోయింది. చిన్నోడు జొన్నరొట్టె తిన్నాడు. వీధిలో గోలీలు ఆడాడు.

రోజూ ఇదే వరస. ఆదివారం మాత్రం నొప్పి రాదు.

"అంతా దొంగేడుపు. నాలుగు తగిలిస్తే అదే పోతాది" అన్నాడు నాయన.

అది నిజంగా దొంగేడుపేనా?

ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. గుంపు అప్పుకు కిస్తీ కట్టే రోజు వచ్చింది. చేతిలో డబ్బు లేదు. వాకిట్లో మనుషులు కూర్చున్నారు. అప్పుడు మనకు ఎట్లా ఉంటుంది? కడుపులో తిప్పుతుంది. ముద్ద దిగదు. తల బద్దలవుతుంది. అది నాటకం కాదు కదా! మనసులో ఉన్న భయం ఒంట్లో నొప్పిగా బయటికి వస్తుంది.

పిల్లలకూ అంతే. కాకపోతే "నాకు భయంగా ఉంది" అని చెప్పడం చిన్నపిల్లలకు తొందరగా రాదు. కడుపునొప్పి అని చెప్పడం వస్తుంది. కొందరికి తలనొప్పి వస్తుంది. కొందరు వాంతి చేసుకుంటారు. పక్క తడపడం ఎప్పుడో మానిన పిల్లలు మళ్లీ తడుపుతారు. నిద్రలో ఉలిక్కిపడతారు.

అయితే ముందుగా ఒంటి జబ్బు ఉందేమో చూడాలి. సెలవు రోజున కూడా నొప్పి వస్తున్నదా? నొప్పికి నిద్రలోంచి లేస్తున్నాడా? జ్వరం ఉందా? చిక్కిపోతున్నాడా? అట్లా ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. చిన్నోడికి ఇవేవీ లేవు.

అడిగే తీరు

"బడికి ఎందుకు పోవురా?" అని అమ్మ మొదటి రోజు గట్టిగా అడిగింది. వాడు నోరు విప్పలేదు. అట్లా అడిగితే ఎవరు చెబుతారు? పోలీసు అడిగినట్టు ఉంటుంది.

రెండో రోజు అసలు అడగలేదు. మూడో రోజు సాయంత్రం విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. వాడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులు పనిలో ఉన్నాయి. ఎవరూ ఎవరి ముఖం చూడడం లేదు.

"బళ్లో నీ పక్కన ఎవరు కూర్చుంటారు నాయనా?"

"ఎవరూ కూర్చోరు."

"ఎందుకట్లా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నాకు చదవను రాదంట. మొద్దు అంటారు. సారు నిన్న బెంచీ ఎక్కించినాడు. అందరూ నవ్వినారు. అమ్మా, నాకు బుర్ర లేదా?"

అమ్మ ఆ మాటకు ఉలిక్కిపడింది. తను కూడా ఎన్నోసార్లు "మీ అక్కను చూసి నేర్చుకోరా" అన్నది. "చదువు రాకపోతే గొర్లు కాసుకో పో" అన్నది. బెత్తం దెబ్బ సాయంత్రానికి మానుతుంది. మొద్దు అనే మాట అట్లా మానదు. పదిసార్లు వింటే పిల్లవాడు అదే నిజమని నమ్ముతాడు.

చదువు ఎక్కడ ఆగింది?

చిన్నోడి ఊరు కర్నూలు జిల్లాలో కోసిగి వైపు ఉంది. అక్కడ నీళ్లు లేని మెట్ట పొలాలు ఎక్కువ. పనులు లేని నెలల్లో చాలా కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. చిన్నోడి ఇంటివాళ్లు సంక్రాంతి దాటినాక పోయారు. ఉగాది దాటినాక వచ్చారు. వాడు కూడా వాళ్లతోనే ఉన్నాడు. పొలం గట్టున గుడిసెలో చంటిదాన్ని చూసుకున్నాడు. ఆ మూడు నెలలూ రెండో తరగతి పాఠాలు ముందుకు పోయాయి. జూన్‌లో బడి తెరిచాక మూడో తరగతిలో కూర్చోబెట్టారు. వాడికి ఒత్తులు రావు. గుణింతం సగం మరిచిపోయాడు.

వాడికి బుర్ర ఉంది. మూడు నెలల చదువు లేదు. అంతే!

అమ్మ మరునాడు కూలికి పోలేదు. ఒక రోజు కూలి పోయినా సరేనని బడికి పోయింది. ఆమె చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. వరండా ఎక్కాలంటే కాళ్లు వణికాయి. అయినా ఎక్కింది.

"సార్, తప్పు పట్టను రాలేదు. మావాడు మూడు నెలలు సుగ్గిలో ఉన్నాడు. వానికి ఒత్తులు రావు. బెంచీ ఎక్కిస్తే వస్తాయా సార్?"

సారు కాసేపు మాట్లాడలేదు. ఆ బడిలో అయిదు తరగతులు ఉన్నాయి. ఇద్దరే పంతుళ్లు. ఒక్కొక్కరినీ విడిగా చూడడం కష్టమే. అయినా పిల్లవాడిని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి అది సాకు కాదు.

దీనికి చట్టం కూడా ఉంది. 2009లో పిల్లల చదువు హక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. పిల్లలను కొట్టకూడదని, మనసు నొచ్చేలా వేధించకూడదని అందులో 17వ సెక్షన్ చెబుతుంది. మధ్యలో బడి మానిన పిల్లలను తిరిగి చేర్చుకుంటే వాళ్ల వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన చదువును విడిగా నేర్పాలి. ఇది కూడా అదే చట్టంలో ఉంది.

సారు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట సేపు ఒత్తులు నేర్పిస్తానన్నాడు. చిన్నోడిని ముందు వరసలోకి మార్చాడు. చదువు వచ్చిన ఒక పిల్లను పక్కన జతగా కూర్చోబెట్టాడు.

అమ్మ పుస్తకం, చిన్నోడి పలక

రాత్రి పూట అమ్మ తన వాచకం తీస్తుంది. చిన్నోడు పలక తీస్తాడు. ఒకరోజు అమ్మ 'అమ్మ' అని రాయబోయి 'అమ' అని రాసింది.

"ఒత్తు మరిచిపోయినావు" అన్నాడు వాడు.

"అవును కదా! ఏది, నువ్వు పెట్టు చూద్దాం."

వాడు పెట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇది బళ్లో నవ్విన నవ్వు కాదు. తప్పు రాసినా ఏమీ కాదని ఆ రోజు వాడు కళ్లారా చూశాడు. తను ఒకరికి నేర్పగలనని కూడా చూశాడు.

మెచ్చుకునేటప్పుడు ఊరికే "మంచోడివి" అంటే చాలదు. "నిన్న రెండు ముక్కలు చదివినావు, ఈరోజు నాలుగు చదివినావు" అనాలి. ఏది బాగా చేశాడో వాడికి తెలుస్తుంది.

నొప్పి ఒక్క రోజులో పోలేదు. కొన్ని సోమవారాలు మళ్లీ వచ్చింది. "భయంగా ఉందా? సరే, గేటు దాకా నేను వస్తా పద" అని అమ్మ తోడు పోయింది. ఇంట్లో మాత్రం ఉండనివ్వలేదు. భయపడిన ప్రతిసారీ ఇంట్లో ఉంచితే భయం ఇంకా పెరుగుతుంది.

అందరి భయమూ ఒకటి కాదు

ఒక పిల్ల బడికి పోనంటుంది. బళ్లో మరుగుదొడ్డికి తలుపు ఉండదు. ఇంకొకడి తండ్రి రాత్రి తాగి వచ్చి తల్లిని కొడతాడు. వాడికి అమ్మను వదిలిపోవాలంటే భయం. మరో చోట పెద్ద పిల్లలు దారి కాచి కొడతారు.

ఇంకొక సంగతి ఉంది. చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పుకోవాలి. ఎవరైనా చెడుగా తాకినా పిల్లలు ఇట్లాగే మూగబోతారు. ఆ మనిషి చుట్టమైనా కావచ్చు, పంతులైనా కావచ్చు. పిల్ల చెబితే నమ్మాలి. "తప్పు నీది కాదు" అనాలి. పరువు పోతుందని దాచకూడదు. 1098కు ఫోన్ చేయవచ్చు. రాత్రీ పగలూ పలుకుతారు. డబ్బు పడదు.

మరుగుదొడ్డి తలుపు, పంతుళ్ల కొరత ఒక్క తల్లి వల్ల తీరేవి కావు. అందుకు బడి కమిటీ ఉంది. చట్టం ప్రకారం ఆ కమిటీలో 100కు 75 మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం మందిలో సగం ఆడవాళ్లు ఉండాలి. కొన్ని చోట్ల పుస్తకం ఇంటికి తెచ్చి, ఆడవాళ్ల చేత సంతకం పెట్టించుకుని పోతారు. చదువు వచ్చింది కదా, చదివి పెట్టండి. సమావేశం ఎప్పుడో అడగండి.

సుగ్గికి పోయే వాళ్లు పోకముందే సారుతో మాట్లాడాలి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం ఊళ్లోనే సీజనల్ హాస్టల్ నడుపుతారా అని అడగాలి. నడిపితే పిల్లలు అక్కడ తిని, పడుకుని, తమ బడికే పోవచ్చు. లేకపోతే అవ్వ దగ్గర ఉంచగలమా అని చూసుకోవాలి. వెంట తీసుకుపోక తప్పకపోతే పుస్తకాలు కూడా మూటలో కట్టుకోవాలి.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి: మీ వీధిలో బడికి పోనని ఏడ్చే పిల్లలు ఎవరు? వాళ్లను ఇంతవరకు ఎవరైనా పక్కన కూర్చుని అడిగారా? మీ బడి కమిటీలో ఉన్న ఆడవాళ్ల పేర్లు మీకు తెలుసా? తెలిస్తే పలక మీద రాయండి.