పంటి సందుల పద్దు: బ్రష్‌కు తోడుగా వాటర్ ఫ్లాసర్

మా ప్రాంతీయ కార్యాలయంలో వసూళ్ల విభాగంలో కూర్చునేవాళ్లకు రోజూ ఉదయం ఒక జాబితా తెర మీద కనిపిస్తుంది. వాయిదా తప్పిన ఖాతాలన్నీ అందులో ఉంటాయి. గడువు దాటి ఒక్కరోజైనా ఆ ఖాతా ఎస్ఎంఏ-0 కిందికి వచ్చేస్తుంది. వెంటనే శాఖకు ఫోన్ చేసి, ‘ఇప్పుడు పట్టించుకుంటే చిన్న పని, 90 రోజులు దాటితే మన చేతుల్లో ఉండదు’ అని గుర్తుచేయడం నా ఉద్యోగం. ఊరందరికీ ఆ మాట చెప్పే నేను, పళ్లు తోముకునేటప్పుడు నురగలో కనిపించే ఎర్రటి చారను మాత్రం రెండేళ్లపాటు పట్టించుకోలేదు. బ్రష్ గట్టిగా తగిలిందేమోలే అనుకున్నాను.

ఒకరోజు సమీక్షా సమావేశంలో టీతో పాటు ఇచ్చిన జంతిక కొరికితే కింది దవడ పన్ను కదిలింది. సాయంత్రం దంతవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే చూపించి, “ఈ పన్ను పుచ్చిపోలేదు మేడమ్. పన్ను బాగానే ఉంది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన ఎముకే తరిగిపోయింది” అన్నారు. “రెండు పూటలా తోముకుంటానండీ” అన్నాను కాస్త రోషంగా. “బ్రష్ వెళ్లేచోట శుభ్రంగానే ఉంది. వెళ్లనిచోటే వచ్చింది చిక్కంతా” అన్నారు. ఆ పన్ను దక్కలేదు. పక్కదాన్ని దక్కించుకోవడానికి నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం.

బ్రష్ ఎక్కడిదాకా వెళ్తుంది?

ఒక్కో దవడ పన్నుకు అయిదు ముఖాలు ఉంటాయి. బుగ్గ వైపుది, నాలుక వైపుది, నమిలే పైభాగం బ్రష్‌కు అందుతాయి. పక్క పళ్లకు ఆనుకుని ఉండే మిగతా రెండింటి మధ్యకు బ్రష్ కుచ్చు సరిగా దూరదు. మనం పాచి అని పిలిచే మెత్తటి జిగురు పొర నిజానికి సూక్ష్మక్రిముల నివాసం. తోముకున్న కొన్ని గంటలకే అది మళ్లీ ఏర్పడటం మొదలవుతుంది. రోజూ తీసేస్తుంటే ఇబ్బంది లేదు. వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గారను ఇంట్లో ఏ బ్రషూ తీయలేదు; దంతవైద్యులు స్కేలింగ్ చేయాల్సిందే.

చిగురు అంచున పాచి చేరితే చిగురు వాచి ఎర్రబడుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఈ దశలో నొప్పి పెద్దగా ఉండదు, అందుకే అశ్రద్ధ చేస్తాం. మన భాషలో చెప్పాలంటే ఇది ఎస్ఎంఏ దశ. శుభ్రం చేసి క్రమశిక్షణ పాటిస్తే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. దాటిపోతే చిగురు పంటి నుంచి విడివడి సంచిలా మారుతుంది, లోపల ఎముక తరుగుతుంది. వైద్యంతో తరుగుదలను ఆపవచ్చు గాని, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. మన మధ్య మధుమేహం ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. మధుమేహం అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెరను అదుపులో పెట్టడం కష్టమవుతుంది. వాళ్లకు ఈ జాగ్రత్త రెండింతలు అవసరం.

నీటితో సందులు కడిగే పరికరం

భోజనమయ్యాక బల్ల మీది గుండుసూదితోనో స్టేప్లర్ పిన్నుతోనో పళ్లు గుచ్చుకోవడం మన శాఖల్లో చూడని వింత కాదు. అది చిగురును గాయపరుస్తుంది, పాచిని మాత్రం తీయదు. సందుల కోసం తయారైన సాధనాలు వేరే ఉన్నాయి. మొదటిది సన్నని దారం, అంటే ఫ్లాస్. రెండోది సందుల్లో దూరే చిన్న బ్రష్. మూడోది వాటర్ ఫ్లాసర్.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో జెరాల్డ్ మోయర్ అనే దంతవైద్యుడు, జాన్ మాటింగ్లీ అనే ఇంజినీరు కలిసి 1962లో దీన్ని రూపొందించారు. చిన్న తొట్టి, మోటారు, సన్నని గొట్టం లాంటి మొన, అంతే. నీరు ఏకధారగా కాకుండా నిమిషానికి వెయ్యికి పైగా సార్లు ఆగి ఆగి తన్నుతుంది. ఆ తాకిడికి ఆహారపు ముక్కలు, వదులుగా ఉన్న పాచి కొట్టుకుపోతాయి. బేసిన్ పక్కన పెట్టుకునే పెద్ద రకానికి తొట్టి పెద్దది. చేత్తో పట్టుకునే ఛార్జింగ్ రకం బదిలీలమీద తిరిగే మనకు అనుకూలం. కాకపోతే తొట్టి చిన్నది కాబట్టి మధ్యలో మళ్లీ నింపుకోవాల్సి రావచ్చు.

చేసేది ఎంత, చేయనిది ఎంత?

రుణం మంజూరు చేసే ముందు రెండు వైపులా చూస్తాం కదా, ఇక్కడా అలాగే చూద్దాం. 2019లో కాక్రేన్ సంస్థ ఇలాంటి సాధనాల మీద జరిగిన 35 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. బ్రష్‌తో పాటు దారం గాని సందుల బ్రష్ గాని వాడితే చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చని చెప్పింది. నీటి పరికరంతో నెల రోజులకు వాపు తగ్గిన సూచన ఉన్నా, మూడు నెలలకు, ఆరు నెలలకు ఆ తేడా కనిపించలేదు. పాచి తగ్గినట్టూ తేలలేదు. పైగా దొరికిన ఆధారాలు అంత బలమైనవి కావనీ చెప్పింది.

కాబట్టి ఇది బ్రష్‌కు ప్రత్యామ్నాయం కాదు. అతుక్కుపోయిన పాచిని రాపిడి తీసినట్టు నీరు తీయలేదు. గారను అసలే తీయలేదు. మరి ఎందుకు కొన్నాను? దారం పొట్లం ఇంట్లో ఏడాదిపాటు పడి ఉంది. వెనక పళ్ల దాకా వేళ్లు పోనిచ్చి దారం లాగడం నావల్ల కాలేదు. ఎంత మంచి సాధనమైనా వాడకపోతే ఫలితం సున్నా. పళ్లకు కమ్మీలు, బ్రిడ్జి, ఇంప్లాంట్ ఉన్నవారికి, వేళ్ల నొప్పులతో దారం పట్టలేని పెద్దవారికి కూడా ఇది సులువుగా ఉంటుంది. దారం చక్కగా వాడగలిగినవారు దాన్ని మానేసి ఇది కొనాల్సిన పని లేదు. నాకు డాక్టరు గారు చెప్పింది ఇదీ: వెడల్పు సందుల్లో చిన్న బ్రష్, మిగతా చోట్ల నీరు, ఆ తర్వాత ఎప్పటిలాగే ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోముకోవడం.

వాడే పద్ధతి

రాత్రి పడుకునే ముందు చేయడం మేలు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, క్రిములకు అదే అదను.

1. తొట్టిలో గోరువెచ్చని తాగే నీరు పోయండి. బోరు నీటిలోని ఉప్పు పేరుకుంటే మొన మూసుకుపోతుంది.

2. ఒత్తిడిని అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. అలవాటయ్యాక కొద్దిగా పెంచవచ్చు. నొప్పి పుడితే తగ్గించాలి.

3. మొనను నోట్లో పెట్టుకున్నాకే మీట నొక్కండి. ముందే నొక్కితే అద్దమూ చొక్కా తడిసిపోతాయి. మొదటి రోజు నా అనుభవం అదే.

4. బేసిన్ మీదికి వంగి, పెదవులు కొద్దిగా మూసి, నీరు తనంతట తాను కారిపోనివ్వండి. మింగకండి.

5. మొనను చిగురు అంచుకు నిలువుగా పట్టి, వెనక పళ్ల నుంచి మొదలుపెట్టండి. ప్రతి సందు దగ్గరా ఒక క్షణం ఆగండి. బయటి వైపు అయ్యాక లోపలి వైపు. మొత్తం రెండు నిమిషాలు చాలు.

6. మిగిలిన నీరు పారబోసి తొట్టిని ఆరబెట్టండి. మొన ఎవరిది వారికే. పరికరంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చండి.

మొదటి కొద్ది రోజులు రక్తం కనిపించవచ్చు. వాచిన చిగురు లక్షణం అది, మానేయకండి. రెండు వారాలైనా ఆగకపోయినా, చీము, పన్ను కదలడం, నోటి దుర్వాసన ఉన్నా దంతవైద్యులను కలవాలి. గుండె కవాట సమస్యలు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఈమధ్యే నోట్లో శస్త్రచికిత్స జరిగినవారు ముందు వైద్యుని సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి. గార ఉన్నవారు ముందు స్కేలింగ్ చేయించుకోవాలి. పాత బకాయి తేలకుండా కొత్త క్రమశిక్షణ పెద్దగా ఫలించదు.

ఆరు నెలల తర్వాత

స్కేలింగ్, సందుల బ్రష్, నీరు ఇవన్నీ కలిసి ఆరు నెలలు నడిచాయి. ఇందులో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. నురగలో ఎరుపు మాత్రం పోయింది. మొన్న పరీక్షలో డాక్టరు గారు పక్క పన్నును అటూ ఇటూ కదిపి చూసి, “ఇది ఉంటుంది మేడమ్” అన్నారు. పోయిన పన్ను చోట ఖాళీ అలాగే ఉంది. జంతిక కొరికినప్పుడల్లా నాలుక అక్కడికే వెళ్తుంది.

నెలాఖరు ఒత్తిడిలో రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి, తిని పడుకునే మనలో చాలామందికి ఈ రెండు నిమిషాలే బరువనిపిస్తాయి. సాయంత్రం క్యాష్ టాలీ కాకుండా ఒక్కరమైనా శాఖ తలుపు మూసి వెళ్తామా? రేపు ఉదయం ఉమ్మే ముందు నురగను ఒకసారి చూడండి. ఎరుపు కనిపిస్తే, అదే మీ జాబితాలో మొదటి ఖాతా.