కార్యాలయంలో వేధింపు – గుర్తింపు, ఉపశమనం

కఠినంగా ఉండే ప్రతి అధికారీ వేధించేవారు కారు. కఠినులు పనిలోని లోపాన్ని చూపి, దిద్దుకొనే మార్గం చెబుతారు. వేధించేవారు పనిని విడిచి మనిషిని నిందిస్తారు. నలుగురి ఎదుట అవమానిస్తారు. నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞను పిదప కాదంటారు.

కోపం, పరుషవాక్కు అణచుకోదగిన వేగాలని చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం చెబుతున్నది. అణచుకోలేకపోవడం అధికారి దోషమే కాని, మీది కాదు.

ఆదివారం రాత్రి నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం దీని సూచనలు కావచ్చు. గోరువెచ్చని పాలు, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన కొంత హాయినిస్తాయి. కారణాన్ని మాత్రం తొలగించవు. కనుక జరిగినది తేదీతో, సాక్షుల పేర్లతో వ్రాసి ఉంచండి. నోటి ఆజ్ఞను వ్రాతపూర్వకంగా ధ్రువపరచుకొని, అవసరమైతే పై అధికారులకు లిఖితంగా తెలపండి. ఇంట్లోవారివద్ద దాచకండి. నిద్రలేమి కొనసాగితే వైద్యుని సంప్రదించండి; ప్రభుత్వ టెలి-మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.