బ్యారన్ దగ్గర కూర్చుని రాస్తున్నాను



రాత్రి పదకొండు దాటింది. బ్యారన్‌లో పొగాకు పసుపు తిరుగుతోంది. మంట ఎక్కువా కాకూడదు, తగ్గనూ కూడదు. అందుకే ఇక్కడే మంచం వేసుకున్నాను. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మింగేస్తానని కాగితం పట్టాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నం తినగానే కట్టెల మోపుల వెనక్కి వెళ్లి సిగరెట్ కాల్చి వచ్చేవాడివి. అడిగితే "రోజుకు ఐదారే పెదనాన్నా" అన్నావు. ఆ ఐదారు గురించే ఈ ఉత్తరం.

ముందు ఈ ఆకు సంగతి విను. మంచు తడి ఆరకముందే ఆకు కోసే రెలుపుకి దిగిన కూలీలు పొద్దెక్కేసరికి కళ్లు తిరిగి వాంతులు చేసుకోవడం చిన్నప్పుడు నువ్వూ చూశావు. ఎండదెబ్బ అనుకునేవాళ్లం. కాదు, తడి ఆకులోని నికొటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగితే అలా అవుతుంది. చేతులకు పట్టిన నల్ల జిగురు ఎంత తోమినా పోదు. ఆ చేత్తో కలిపితే ముద్ద చేదు. ముట్టుకుంటేనే ఇంత చేసే ఆకును నువ్వు కాల్చి గుండెల నిండా పీలుస్తున్నావు. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే.

మీ తాత చివరి నాలుగేళ్లు నువ్వు హాస్టల్లో ఉన్నావు, చూడలేదు. మొదట మన చేలో ఆకుతో చుట్టుకున్న చుట్టలు, తర్వాత సిగరెట్లు. పడుకుంటే ఊపిరాడేది కాదు. మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి తెల్లవార్లూ గడిపేవాడు. అరుగు నుంచి బావి దాకా పోవడానికి రెండు చోట్ల ఆగేవాడు. సీఓపీడీ అన్నారు డాక్టర్లు. పాడైన ఊపిరితిత్తులు తిరిగి రావు, మిగిలింది కాపాడుకోవడమే అన్నారు. ఇన్హేలర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, రెండుసార్లు ఐసీయూ. నీ ఇంజనీరింగ్ కోసం దాచిన తూర్పు చేను ఎకరం అందులోనే పోయింది. మీ నాన్న బ్యాంకు అప్పు ఎందుకు తీసుకున్నాడో నీతో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను.

డబ్బు లెక్క నాకు తెలిసిన పద్ధతిలో చెబుతా. మంచి ఏడాది వేలం కేంద్రంలో కిలోకి మూడు వందలు పలికితే మన ఇంట్లో పండగ. ఒక సిగరెట్లో పట్టే ఆకు గ్రాము కూడా ఉండదు. సిగరెట్ ఇరవై రూపాయలనుకుంటే, రోజుకు ఆరంటే నూట ఇరవై. నారు పోసినప్పటి నుంచి బేలు కట్టేదాకా చాకిరీ చేసి కిలో ఆకుకు నేను తెచ్చుకునేది నువ్వు మూడు రోజుల్లో తగలేస్తున్నావు. ఏడాదికి 43,800 రూపాయలు. ఇది కొనడానికి అయ్యే ఖర్చే. ఆసుపత్రి ఖర్చు ఎకరాల్లో ఉంటుంది.

ఐదారే కదా అంటావు. రోజుకు ఒక్కటే కాల్చేవాడికి కూడా గుండెజబ్బు విషయంలో పెరిగే ముప్పు, ఇరవై కాల్చేవాడికి పెరిగే ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో తేల్చారు. తగ్గించుకున్నా అని గుండెకు సర్ది చెప్పలేం నాయనా. మానాల్సిందే.

మానితే ఫలం ఉంది. బ్రిటన్‌లో రిచర్డ్ డోల్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు 1951 నుంచి యాభై ఏళ్లు డాక్టర్లనే గమనిస్తూ వచ్చారు. కాలుస్తూ పోయినవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లకు మానినవాళ్లకు ఆ పదేళ్లూ ఇంచుమించు దక్కాయి. నలభైకి మానితే తొమ్మిది, యాభైకి ఆరు, అరవైకి మూడు. నేను నలభైలో మానాను. నీకు ముప్ఫై ఒకటి.

మొదటి మూడు రోజులు నరకమే, దాచను. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టదు. మూడు నాలుగు వారాలకు ఆ పట్టు వదులుతుంది. యావ పుట్టిన ప్రతిసారీ కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే అదే దాటిపోతుంది. నేను గ్లాసెడు మజ్జిగ తాగి చేను చుట్టూ తిరిగేవాణ్ణి. నువ్వు ఆఫీసు కింద టీ కొట్టు దగ్గరికి నెల రోజులు పోకు. నికొటిన్ చూయింగ్ గమ్ములున్నాయి, మాత్రలున్నాయి, డాక్టరును అడుగు. సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని నంబరుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, మానడానికి సాయం చేస్తారు.

"మనమే పండిస్తాం కదా" అని నీ మనసులో ఉంటుంది. ఉంది, నాకూ ఆ బాధ ఉంది. ఈ ఆకు డబ్బుతోనే మీ అత్తల పెళ్లిళ్లు చేశాం. రెండు బ్యారన్లలో ఒకటి ఈ ఏడు వెలిగించలేదు, ఆ చేలో శనగ వేశాను. రెండోది కూడా ఆపాలని ఉంది. అప్పు తీరాలి.

కోడలికి ఏడో నెల. పక్కవాళ్ల పొగ పీల్చిన తల్లికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు ఎక్కువ. బాల్కనీలో కాల్చి వచ్చానంటే సరిపోదు, ఆ పొగ నీ బట్టల్లో లోపలికి వస్తుంది.

ఉగాదికి మీరిద్దరూ వచ్చేసరికి నీ జేబులో పెట్టె ఉండకూడదు. మధ్యలో తట్టుకోలేకపోతే ఏ వేళైనా ఫోన్ చెయ్యి. ఈ నెలంతా నేను రాత్రిళ్లు మేలుకునే ఉంటాను.

నీ
పెదనాన్న