వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ ప్రాధాన్యం: గనుల ప్రాంత యువతకు పనికొచ్చే నైపుణ్యం

ఒకే రేడియో లింకు మీద ఫోన్ మాటలు, కెమెరా వీడియో, ఫైళ్లు కలిసి వెళ్తున్నప్పుడు దేన్ని ముందు పంపాలో, దేన్ని ఆపాలో నిర్ణయించే ఏర్పాటే క్వాలిటీ ఆఫ్ సర్వీస్. నెట్‌వర్క్ సిబ్బంది దీన్ని క్యూఓఎస్ అంటారు.

అవసరం ఎక్కడ?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్‌లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు, సిమెంటు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు ఉన్నాయి. తెలుగు కుటుంబాలూ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో తవ్వకం జరిగేకొద్దీ దారులు మారిపోతాయి, వేసిన కేబుల్ ఎక్కువ కాలం నిలవదు. అలాంటి చోట లారీలు తూచే కాంటాను, కెమెరాలను ఆఫీసుతో కలపడానికి రేడియో లింకే అనువు. కెమెరాల వీడియో లింకంతా నింపేస్తే అత్యవసర ఫోన్ మాట ముక్కలవుతుంది. క్యూఓఎస్ తెలిసినవారి పని అక్కడ మొదలవుతుంది.

ఎలా పనిచేస్తుంది?

వైఫైలో ఒక చానల్‌పై సాధారణంగా ఒకసారి ఒక్క పరికరమే పంపాలి. 2005లో ఆమోదం పొందిన 802.11ఈ ప్రమాణం ట్రాఫిక్‌ను వాయిస్, వీడియో, బెస్ట్ ఎఫర్ట్, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు వరుసలుగా విభజించింది. పరికరాల సెట్టింగుల్లో ఇది డబ్ల్యూఎంఎం పేరుతో కనిపిస్తుంది. చానల్ ఖాళీ అయ్యాక ప్రతి పరికరం కొన్ని స్లాట్లు (అతి చిన్న కాల విభాగాలు) లెక్కపెట్టి పంపుతుంది. మామూలు సెట్టింగుల్లో మొదటి ప్రయత్నానికి వాయిస్ 0 నుంచి 3 వరకు, బెస్ట్ ఎఫర్ట్ 0 నుంచి 15 వరకు ఏదో ఒక అంకె ఎంచుకుంటుంది. అందుకే వాయిస్‌కు ఎక్కువసార్లు ముందు వంతు దక్కుతుంది, ప్రతిసారీ కాదు.

అమర్చే క్రమం

మొదట ఏ ట్రాఫిక్ ఎంత ఉందో కొలవాలి. తర్వాత ప్యాకెట్లకు డీఎస్‌సీపీ గుర్తు వేయాలి. ఇది ఆరు బిట్ల అంకె, 0 నుంచి 63 వరకు ఉంటుంది. వాయిస్‌కు వాడేది 46. కొత్తవారు పొరపడేది ఇక్కడే. 46ను బైనరీలో రాస్తే 101110. చాలా పరికరాలు మొదటి మూడు బిట్లనే చూస్తాయి. 101 అంటే 5, వైఫై ప్రాధాన్య అంకెల్లో అది వీడియో వరుస. గుర్తు సరిగ్గానే వేసినా మాట వీడియోతో కలిసిపోతుంది. 46ను 6కు, అంటే వాయిస్ వరుసకు మార్చాలని 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8325 సూచిస్తుంది.

తర్వాతిది వేగ పరిమితి. రేడియో నిజంగా 40 ఎంబీపీఎస్ మోస్తుంటే రూటర్‌ను 35 దగ్గర ఆపాలి. లేకుంటే క్యూ రేడియోలోనే పేరుకుంటుంది, రూటర్‌లో పెట్టిన నియమాలు పనిచేయవు. గనిలో తవ్వి పోసిన మట్టి (ఓబీ) గుట్ట పెరిగి యాంటెన్నాల మధ్య చూపుకు అడ్డుపడితే ఆ 40 కూడా తగ్గుతుంది. కాబట్టి లింకు బాగా ఉన్న రోజున కాక, బలహీనంగా ఉన్న వేళ కొలిచిన వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ప్రాధాన్యం వరుసను మారుస్తుందే తప్ప లింకు సామర్థ్యాన్ని పెంచదు. అన్నిటికీ వాయిస్ గుర్తు వేస్తే ఏదీ ముందుకు పోదు.

చదువు, సర్టిఫికెట్లు

పదో తరగతి తర్వాత ఎలక్ట్రానిక్స్-టెలికమ్యూనికేషన్‌లో మూడేళ్ల డిప్లొమా, లేదా ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ చేయవచ్చు. నెట్‌వర్క్ పునాదికి సీసీఎన్ఏ, వైర్‌లెస్‌కు సీడబ్ల్యూఎన్ఏ, మైక్రోటిక్ రూటర్లకు ఎంటీసీఎన్ఏ సర్టిఫికెట్లు ఉన్నాయి.

ఇంట్లో సాధన

రెండు పాత రూటర్లు, రెండు ల్యాప్‌టాప్‌లు చాలు. ఐపెర్ఫ్ అనే వేగ పరీక్ష సాధనంతో లింకును నింపి, అదే సమయంలో ఇంటర్నెట్ కాల్ చేసి, ఆలస్యాన్ని నమోదు చేయాలి. క్యూఓఎస్ పెట్టాక మళ్లీ కొలవాలి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మేలన్నది ఐటీయూ జీ.114 సిఫార్సు. గుర్తులు చివరిదాకా నిలిచాయో లేదో వైర్‌షార్క్ అనే ప్యాకెట్ పరిశీలన సాధనం చూపిస్తుంది. ముందు, తర్వాత కొలతలున్న రెండు పేజీల నివేదిక ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌కు బలమవుతుంది.

ఉద్యోగాలు

సీసీ కెమెరాలు, రేడియో లింకులు అమర్చే కాంట్రాక్టు సంస్థలు, ఇంటర్నెట్ సర్వీసు ప్రొవైడర్లు, సిస్టమ్ ఇంటిగ్రేటర్లలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టి నెట్‌వర్క్ ఇంజినీర్‌గా ఎదగవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థల పోస్టులకు నోటిఫికేషన్లు గమనించాలి. తెలుగుతోపాటు మరాఠీ, హిందీ వచ్చినవారికి సరిహద్దు అవతల తెలంగాణలోని సింగరేణి ప్రాంతంలోనూ, ఇవతల నాగపూర్ దాకానూ పని చేసుకునే వీలుంటుంది. ప్రైవేట్ 5జీ నెట్‌వర్క్‌లలోనూ ఈ ప్రాధాన్య సూత్రమే 5క్యూఐ అంకెల రూపంలో ఉంటుంది. మామూలు వాయిస్ కాల్‌కు అక్కడ 5క్యూఐ 1.