మోటారుకారులో చేతులతో పట్టని టెలిఫోను: అమరిక, వాడుక, అపాయము

మోటారుకారు నడుపువాని రెండు చేతులును స్టీరింగు చక్రముపై నుండవలెననుట డ్రైవింగు నేర్పువారు మొదటి దినముననే చెప్పు మాట. సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ఆ రెండింటిలో నొకటి తరచుగా చెవి దగ్గరకు పోవుచున్నది. 2022వ సంవత్సరములో మన దేశమునందు రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్కలు తెలుపుచున్నవి. ఇందు ఫోను మూలమున జరిగిన వాటిని వేరుపరచుట కష్టము. కారు ఢీకొన్న తరువాత ఫోను ఏ సీటు క్రిందనో పడియుండును; తాను ఆ క్షణమున మాటలాడుచుంటినని తనంతట తాను ఒప్పుకొనువాడు అరుదు.

ఈ చేతిని విడిపించుటకై హ్యాండ్స్‌ఫ్రీ అను పరికరము వాడుకలోనికి వచ్చినది. దీనిని కొని అమర్చుకొనిన వారు అపాయమంతయు తొలగిపోయినదని తలచుచుందురు. ఆ తలంపు సగము మాత్రమే సరియైనది. కావున పరికరమును అమర్చు విధముతోబాటు, అది చేయలేని పనియేదో కూడ ప్రజలు తెలిసికొనవలసియున్నది.

పరికరము ఎట్టిది?

దీనియందు ముఖ్యముగా నుండునవి మాటను గ్రహించు మైకు, మాటను వినిపించు స్పీకరు, పిలుపును అందుకొనుటకును ముగించుటకును ఒక మీట. ఫోను జేబులోనో సంచిలోనో యుండగనే బ్లూటూత్ అను తక్కువ దూరపు రేడియో తరంగముల ద్వారా దీనితో సంబంధము కలిగియుండును. (ఈ విచిత్రమైన పేరు పదవ శతాబ్దమునాటి డెన్మార్కు రాజు హెరాల్డు బిరుదు నుండి తీసికొనబడినది. విడివిడిగానున్న తెగలను ఏకము చేసిన రాజుగా ఆయన ప్రసిద్ధుడు.) క్రొత్త కార్లలో పెక్కింటికి ఈ వసతి ఫ్యాక్టరీలోనే అమర్చబడి వచ్చుచున్నది. పాత కార్లవారికి మూడు మార్గములు గలవు. సన్‌వైజరుకు క్లిప్పుతో తగిలించు చిన్న పెట్టె మొదటిది. దీనికి తీగలతో పనిలేదు, అప్పుడప్పుడు ఛార్జి చేసిన చాలును. సిగరెట్ లైటరు సాకెట్టులో గ్రుచ్చి కారు రేడియో ద్వారా మాట వినిపించునది రెండవది. ఇది చౌకయైనను, పట్టణములలో రేడియో స్టేషన్ల మాటలు నడుమ చొరబడుచుండును. కారు స్టీరియోకు తీగలతో కలిపి స్థిరముగా బిగించునది మూడవది. ధ్వని స్పష్టత కోరువారికి ఇదియే మేలు, అయితే దీనిని బిగించుట తెలిసినవాని చేత చేయింపవలెను.

అమర్చునపుడు గమనింపవలసినవి

కారు విద్యుత్తు 12 వోల్టులది. అది మనిషికి షాకు కొట్టదు గాని, తీగలు తప్పుగా కలిసినచో మంట పుట్టించుటకు చాలినంత శక్తి బ్యాటరీకి గలదు. కావున పని మొదలిడుటకు ముందు తాళము తీసి, బ్యాటరీ యొక్క నెగటివ్ తీగను విప్పవలెను. కొన్ని కార్ల స్టీరియోలు ఇట్లు విప్పి మరల కలిపినపుడు రహస్య సంఖ్యను అడుగును. ఆ సంఖ్యను ముందే కాగితముపై వ్రాసి యుంచుకొననిచో స్టీరియో మూగబోవును.

బజారులో దొరకు స్టీరియోల తీగలలో సాధారణముగా పసుపుపచ్చ తీగ బ్యాటరీ నుండి ఎల్లవేళల విద్యుత్తును తెచ్చును, ఎర్రని తీగ తాళము త్రిప్పినపుడు మాత్రమే తెచ్చును, నల్లనిది ఎర్తు. పరికరమునకు కావలసిన కరెంటును పొరపాటున పసుపు తీగ నుండి తీసికొనినచో కారు నిలిపియున్నపుడు కూడ అది బ్యాటరీని పీల్చుచునే యుండును. పండుగకు ఊరికి పోయి వారము తరువాత వచ్చిన యజమాని కారు స్టార్టు కాకపోవుట చూచి కంపెనీని నిందించుటకు ఇది ఒక సాధారణ కారణము. అయితే కారు తయారుచేసినవారు వేసిన తీగల రంగులు వేరుగా నుండవచ్చును. కనుక రంగును నమ్మక, టెస్ట్ ల్యాంపుతోనో మీటరుతోనో పరీక్షించియే కలపవలెను. పరికరముతో వచ్చిన ఫ్యూజును తీసివేసి తీగను నేరుగా కలుపు మెకానికులు కొందరు గలరు. అట్టివారి చేత పని చేయింపరాదు. తీగలను కోసి టేపు చుట్టుటకంటె, ఆయా కార్లకు సరిపోవు సాకెట్టు జతలను వాడుట మంచిది. కోసిన తీగ వలన కారు వారంటీకి చిక్కు రావచ్చును.

మైకును ఎక్కడ నుంచవలెననునది చిన్న విషయముగా తోచును గాని, పరికరము పనితనమంతయు దానిపైననే ఆధారపడియున్నది. నడుపువాని నోటికి ఎదురుగా, సన్‌వైజరు దగ్గరగానో, అద్దము ప్రక్కనున్న స్తంభము పైభాగముననో నుంచవలెను. ఏసీ గాలి వీచు చోటను, కిటికీ అంచునను ఉంచినచో అవతలివారికి గాలి హోరు తప్ప వేరేమియు వినిపింపదు. అప్పుడు నడుపువాడు కేకలు వేయుచు, ముందునకు వంగి, రోడ్డును మరచిపోవును.

అన్నిటికన్న ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగు సంగతి. ప్రమాద సమయమున ఇది కనురెప్పపాటు కన్న వేగముగా, గొప్ప బలముతో విచ్చుకొనును. దాని మూతపైనగాని, అది విచ్చుకొను దారిలోగాని ఫోను స్టాండును అంటించినచో, ప్రాణము కాపాడవలసిన సంచియే ఆ స్టాండును ముఖము పైకి విసరును. కొన్ని కార్లలో ప్రక్క స్తంభముల లోపల కూడ ఎయిర్‌బ్యాగులు గలవు. అట్టి చోట మైకు తీగను సంచికి అడ్డముగా పోనీయరాదు. తీగలు క్లచ్చు, బ్రేకు పెడళ్ల దగ్గర వ్రేలాడకుండ కట్టివేయవలెను. విజయవాడలోగాని కర్నూలులోగాని మే నెల ఎండలో నిలిపిన కారు అద్దము వెనుక ఫోనును వదలిపోవుట కూడ తగదు. ఆ వేడికి ఫోను బ్యాటరీ చెడిపోవును, ఉబ్బిపోవుటయు కలదు.

చేతులు విడుదలైనవి, మనస్సో?

పరికరము వలన చేయి చక్రముపై నిలుచును, చూపు రోడ్డుపై నిలుచును. ఈ రెండును నిజమైన లాభములే. కాని మనస్సు సంభాషణలోనే యుండును. 1997లో కెనడా దేశమందలి టొరంటో నగరములో, ఫోను గలిగి ప్రమాదములకు లోనైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను ప్రమాద సమయములతో పోల్చి చూచిరి. ఫోను మాటలాడుచున్నపుడు ప్రమాదావకాశము దాదాపు నాలుగు రెట్లని తేలినది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవారికి ఇందు ప్రత్యేకమైన మేలేమియు కనబడలేదు. 2005లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా పరిశోధన, పెర్త్ నగరమున గాయపడి ఆసుపత్రికి వచ్చిన 456 మందిని పరిశీలించి, ఇంచుమించు ఇదే ఫలితమునకు వచ్చినది. చేతితో పట్టిన ఫోనుకన్న హ్యాండ్స్‌ఫ్రీ అంతగా సురక్షితము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది.

కారణము దూరమున లేదు. కన్ను చూచినదెల్ల మనస్సు చూడదు. చెక్కు చెల్లలేదనియో, పిల్లవానికి జ్వరమనియో వినుచున్నవాడు ఎదుటి ఎర్రదీపము వైపు చూచుచునే దానిని గుర్తింపకుండ పోవచ్చును. ప్రక్క సీటులో కూర్చున్న మనిషితో మాటలాడుట ఇట్టిది కాదా యని కొందరు అడుగుదురు. ఆ మనిషి కూడ రోడ్డును చూచుచుండును. లారీ అడ్డము వచ్చినచో తాను నోరు మూసికొనును, ఒక్కొక్కప్పుడు “అదుగో, చూడండి!” అని హెచ్చరించును. ఫోనులోని మనిషికి ఆ లారీ కనబడదు గనుక జవాబు కొరకు తొందరపెట్టుచునే యుండును.

గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. మనస్సు మూడు సెకనులు వేరొకచోట నున్నచో 66 మీటర్ల రోడ్డు చూడకుండ దాటినట్లే. హైదరాబాదు, విజయవాడ నగరముల నడుమ జాతీయ రహదారిపై ఆ మాత్రపు దూరములో దీపము లేని ట్రాక్టరో, ఎదురుదారిలో వచ్చు మోటారు సైకిలో, మేత నుండి మరలు గేదెల మందయో ఎదురగుట వింత కాదు.

చట్టము ఇంత దూరము పోలేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను చేతితో పట్టిన ఫోను వాడుటను అపాయకరమైన నడపుటగా పరిగణించి, మొదటి నేరమునకు 1,000 రూపాయలు మొదలు 5,000 రూపాయల వరకు జరిమానాగాని, ఆరు నెలలకు తక్కువ గాకుండ సంవత్సరము వరకు ఖైదుగాని, రెండునుగాని విధించుచున్నది. 2020 అక్టోబరు నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము, నడుపువాని ఏకాగ్రత చెడకుండ దారి తెలిసికొనుటకు మాత్రమే అట్టి సాధనమును వాడవచ్చును. చేతులతో పట్టని పరికరమునకు 184వ సెక్షనులో ప్రత్యేకమైన శిక్ష లేదు. శిక్ష లేనిదెల్ల క్షేమకరమని అనుకొనరాదు.

వాడవలసిన తీరు

ఫోనును పరికరముతో జతపరచుట, పేర్లు చేర్చుట, దారి పటము పెట్టుకొనుట కారు కదలకముందే ముగియవలెను. నడుచుచున్నపుడు తప్పనిసరి పిలుపు వచ్చినచో మీట నొక్కి, “బండి నడుపుచున్నాను, ఆగి మాటలాడెదను” అని చెప్పి ముగించుట ఈ పరికరము చేయదగిన ఉత్తమమైన సేవ. బేరములు, తగవులు, దుఃఖవార్తలు కారులో కూడదు. స్పీకరు మాట కారులోని వారందరికి వినబడుననుట కూడ గుర్తుంచుకొని, ఆ సంగతి అవతలివారికి ముందే చెప్పుట మర్యాద. వర్షములో, సందులలో, బడుల దగ్గర, రాత్రివేళ లారీలను దాటునపుడు పిలుపును అసలు అందుకొనరాదు. చెవులు రెండింటిలోను ఇయర్‌ఫోనులు పెట్టుకొని నడుపుట హ్యాండ్స్‌ఫ్రీ కాదు. వెనుకనుండి వచ్చు అంబులెన్సు హారను అట్టివానికి వినబడదు.

పిలుచువారికిని ఇందు భాగము కలదు. కుమారుడు బయలుదేరిన అరగంటకొకసారి “ఎంతవరకు వచ్చినావు, నాయనా?” అని అడుగు తల్లి ప్రేమతోనే అడుగును. ఆమె ఆతురత తీర్చుటకు జవాబు చెప్పుచు ఆ కుమారుడు రోడ్డుపై దృష్టి తప్పును. భోజనమునకు ఆగినపుడు తానే పిలిచెదనని బయలుదేరునపుడే చెప్పిపోయినచో ఉభయులకు నెమ్మది. కిరాయి కార్ల యజమానులును, సరకుల బండ్లు పంపు వ్యాపారులును తమ డ్రైవర్లను నడుచు బండిలోనికి పిలిచి జవాబియ్యలేదని కోపించుట మానవలెను.

తప్పక మాటలాడవలసి వచ్చినపుడు బండిని రోడ్డు అంచున నిలుపుట పరిహారము కాదు. రాత్రివేళ హైవే అంచున నిలిచిన వాహనమును వెనుకనుండి వచ్చు లారీ ఢీకొనుట తరచుగా జరుగుచున్నది. పెట్రోలు బంకులోగాని, హోటలు ఆవరణలోగాని, టోలు గేటు దాటిన పిమ్మట బండ్లు నిలుపు స్థలములోగాని ఆపి మాటలాడవలెను. దారిలో ప్రమాదము కనబడినచో అంబులెన్సుకు 108కి, ఏ అత్యవసర సహాయమునకైనను 112కి, జాతీయ రహదారిపై 1033కి పిలువవచ్చును. ఆ పిలుపును కూడ వీలైనంతవరకు ప్రక్కన కూర్చున్నవారి చేత చేయింపవలెను.