పాఠశాలకొక పొలము
అమెరికా విద్యాభూముల చరిత్ర నేర్పు పాఠములు

గ్రామములోని ఉమ్మడి భూమి ఎవరిది? "అందరిది" అని మనము వెంటనే బదులు చెప్పుదుము. కాని అందరిదైన దానిని కాపాడువారు లేనప్పుడు అది కొలదికాలములోనే కొందరిది యగును. పోరంబోకు గట్టు ఏటేటా ఎట్లు జరుగునో పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉమ్మడి భూమిని పిల్లల చదువునకే అంకితము చేసి, రెండు శతాబ్దములకు పైగా ఆ ఏర్పాటును నడుపుచున్న దేశమొకటి కలదు. అది అమెరికా. అచ్చటివారు చేసిన మంచిపనులే కాక వారి పొరపాట్లు కూడ మనము తెలిసికొనదగినవి.

పదునారవ భాగము

1785లో ఆ దేశపు కాంగ్రెసు భూముల సర్వేకై ఒక శాసనము చేసినది. దాని ప్రకారము పడమటి భూములను ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరములుగా కొలిచి, ఒక్కొక్క చదరమును 36 భాగములు చేసిరి. ఒక్కొక్క భాగము 640 ఎకరములు. వానిలో 16వ భాగమును ఆ ప్రాంతపు పాఠశాలల పోషణమునకై ప్రత్యేకించిరి. ప్రభుత్వమునకు ధనము తక్కువ, భూమి ఎక్కువ అయిన దినములవి. 1848లో ఓరెగాన్ ప్రాంతమునకు 16, 36 భాగములు రెండును కేటాయించిరి. ఎడారి నేల ఎక్కువగా గల యూటా 1896లోను, ఆరిజోనా, న్యూమెక్సికోలు 1912లోను రాష్ట్రములైనవి. వానికి నాలుగేసి భాగములు లభించినవి. సారము తగ్గినచోట విస్తీర్ణము పెంచిరన్నమాట.

ఈ నేలలు అంతకుపూర్వము ఆదివాసి జాతులవి. ఒడంబడికల వలనను, బలప్రయోగము వలనను వారినుండి తీసికొనబడినవి. ఈ చరిత్రను చెప్పునప్పుడు ఆ సత్యమును దాచరాదు.

అమ్ముకొన్నవారు, నిలుపుకొన్నవారు

ముందుగా ఏర్పడిన రాష్ట్రములు పెక్కు తమ విద్యాభూములను చౌకగా అమ్మివైచినవి. నెవాడా రాష్ట్రము పొందినది ఇరువది లక్షల ఎకరములకు మించియుండగా, నేడు మిగిలినది సుమారు మూడువేల ఎకరములు మాత్రమే. అమ్మిన సొమ్ము ఒక తరమునకు ఉపకరించినది. తరువాతి తరములకు భూమియు లేదు, దాని ఆదాయమును లేదు.

ఈ అనుభవముతో 1889లో వాషింగ్టన్, మోంటానా, ఉత్తర డకోటా, దక్షిణ డకోటాలకు రాష్ట్రహోదా నిచ్చిన చట్టములో కట్టుబాట్లు చేర్చిరి. విద్యాభూమిని బహిరంగ వేలములోనే అమ్మవలెను. ఎకరమునకు పది డాలర్లకు తగ్గరాదు. వచ్చిన సొమ్ము శాశ్వత నిధిలో చేరవలెను. అసలు కదలరాదు, దానిపై వచ్చు రాబడినే బడులకు వెచ్చింపవలెను.

ధర్మకర్త కర్తవ్యము

ఇట్టి భూములకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. దేవాలయపు మాన్యమును ధర్మకర్త తన ఇష్టము వచ్చినట్లు వాడరాదుగదా! ఇదియు నట్టిదే. న్యూమెక్సికో రాష్ట్రము తన అంకితభూముల ఆదాయములో నూటికి మూడు వంతులు రాష్ట్రపు ప్రచారమునకు వెచ్చింపదలచెను. ప్రచారము వలన భూముల విలువ పెరుగునని వాదించెను. 1919లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇది నమ్మకద్రోహమని త్రోసిపుచ్చెను. ప్రచారశాఖలో పనిచేయు నావంటివారు ఈ తీర్పును జ్ఞాపకముంచుకొనదగును.

మరియొక ఉదాహరణము మనకు మిక్కిలి పరిచితమైనది. వాషింగ్టన్ రాష్ట్రములో విద్యాభూముల కలపను పెద్ద ధరలకు పాడుకొన్న వర్తకులు, 1980 ప్రాంతమున ధరలు పడిపోగా, తమను పాటనుండి విడిపింపుమని కోరిరి. శాసనసభ 1982లో అట్లే చట్టము చేసెను. 1984లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు దానిని కొట్టివైచెను. పాటదారులకు దయచూపుట పిల్లల సొమ్ముతో చేయరాదని దీని సారాంశము. మన చెరువు చేపల పాటలలోను, సంతల పాటలలోను ఇట్టి విన్నపములు రానిది ఎచ్చట?

బడిదాక చేరిన లెక్క

యూటా రాష్ట్రము 1994లో ఈ భూముల పాలనకు ప్రత్యేక సంస్థ నేర్పరచెను. 1999లో చేసిన ఏర్పాటు మరింత ముఖ్యమైనది. శాశ్వత నిధి రాబడిలో ప్రతి బడికిని వంతు చేరును. తల్లిదండ్రులు అధికసంఖ్యలో గల బడి సమితి దానిని ఏ చదువు అవసరమునకు వాడవలెనో ప్రణాళిక వ్రాయును. భూమి ఎంత తెచ్చినదో, ఆ సొమ్ము ఏమైనదో తండ్రికి తెలిసినప్పుడు, భూమిని కాపాడువాడు ఆ తండ్రియే యగును.

మనము చేయదగినది

మన చట్టములు వేరు, మన భూములు కొద్ది. అయినను సూత్రమొక్కటే. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని మన సుప్రీంకోర్టు కూడ 2011లో రాష్ట్రములను ఆదేశించినది. కావున సభ్యులు మొదట ఉమ్మడి ఆస్తుల జాబితాను సరిచూడవలెను, సర్వే రాళ్ళను పరిశీలింపవలెను. చట్టము అనుమతించు కౌలులకును, ఫలసాయపు పాటలకును ముందుగా దండోరా వేయించి, బహిరంగముగా వేలము జరుపవలెను. చట్టము అనుమతించినంతలో అందులో కొంత బడికని తీర్మానించి, ఆ లెక్క వేరుగా వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఆదాయము స్వల్పమే కావచ్చును. కాని ఈ ఏడు పంచాయతీ కాపాడిన రెండెకరములు, ఇంకను పుట్టని బిడ్డలకు కూడ ఏటేటా పలకలు, పుస్తకములు కొనిపెట్టగలవు. అమ్మినచో ఒక్కసారియే.