జాంబీ సినిమాలో సైన్సు ఎంత? ‘జాంబీ రెడ్డి’ని సూరత్ ప్లేగు పక్కన పెట్టి చూస్తే

చచ్చిన మనిషి లేచి వచ్చి బతికున్నవాడిని కరుస్తాడు. కరిపించుకున్నవాడు కూడా అలాగే మారి ఇంకొకరి వెంట పడతాడు. జాంబీ సినిమాల కథ దాదాపు ఇంతే. అయినా యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా వీటిని చూస్తూనే ఉంది. తెలుగులో ఈ తరహా తొలి చిత్రంగా పేరు పొందిన ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న విడుదలైంది. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జా కథానాయకుడు. పెద్ద తారలు, భారీ సెట్లు లేని సినిమా ఇది. వీడియో గేములు తయారుచేసే ఒక కుర్రాడు స్నేహితులతో కలిసి కర్నూలు వెళ్తాడు. అక్కడ కరోనా టీకా ప్రయోగం ఒకటి వికటించి మనుషులు జాంబీలుగా మారుతుంటారు. ఇక పరుగులు, నవ్వులు, భయం.

ఇలాంటి సినిమాను ‘సైన్సు తప్పు’ అని కొట్టిపారేయడం తేలిక. ‘సినిమాయే కదా’ అని వదిలేయడం ఇంకా తేలిక. ఈ రెండూ కాకుండా, ఇందులో ఏది బలమో ఏది బలహీనతో విడదీసి చూద్దాం. పోలికకు ఒక నిజమైన అంటువ్యాధిని కూడా పక్కన పెట్టుకుందాం. అది 1994లో గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని వణికించిన ప్లేగు.

తక్కువ డబ్బు లోపమా?

ఆధునిక జాంబీ సినిమా పుట్టిందే తక్కువ డబ్బుతో. అమెరికాలో జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపుల్లో తీయడం వల్ల నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్ సరిపోయింది. కథలో ఎక్కువ భాగం ఒకే పొలం ఇంట్లో జరుగుతుంది. బయట గుంపు, లోపల కొద్దిమంది, మధ్యలో మేకులు కొట్టిన తలుపు. డబ్బు లేక పెట్టుకున్న ఈ పరిమితే సినిమాకు ప్రాణమైంది. ప్రమాదం ఎంత పెద్దదో చూపించనక్కర్లేదు, తలుపు అవతలి చప్పుడు చాలు.

‘జాంబీ రెడ్డి’ ఇదే సూత్రాన్ని మన నేలకు తెచ్చింది. రాయలసీమ ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన ప్రేక్షకుడికి ఎత్తైన ప్రహరీ గోడ, ఇనుప గేటు, వేటకొడవలి కొత్త కాదు. ముట్టడిలో ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో అతడికి ముందే తెలుసు. కాబట్టి కథ ఆ వాతావరణాన్ని కొత్తగా కట్టుకోవలసిన పని లేదు. ఇది ఈ చిత్రానికి మొదటి బలం. పరాయి ఊహను సొంత ఊరి వీధిలో నిలబెట్టినప్పుడే అది నమ్మదగినట్టు కనిపిస్తుంది.

శవం ఎందుకు నడవలేదు?

జాంబీ కథకు మొదటి ఎదురుదెబ్బ శరీరశాస్త్రం దగ్గర తగులుతుంది. కండరం ముడుచుకోవాలన్నా, తిరిగి వదులవ్వాలన్నా ఏటీపీ అనే శక్తి అణువు కావాలి. దాన్ని నిరంతరం తయారు చేసుకోవడానికి కణాలకు ప్రాణవాయువు, చక్కెర అందాలి. గుండె ఆగితే ఆ సరఫరా ఆగుతుంది. ఏటీపీ లేక కండరంలోని తంతువులు ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే బిగుసుకుపోతాయి. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకోవడానికి కారణం ఇదే. ఆ తరువాత కుళ్లడం మొదలవుతుంది. కర్నూలు ఎండలో అది మరింత త్వరగా జరుగుతుంది. అంటే నిజంగా చనిపోయిన జాంబీ వెంటపడటం కాదు, వేలు కూడా కదపలేదు.

అందుకే తెలివైన దర్శకులు జాంబీని శవంగా కాక రోగిగా చూపిస్తారు. అప్పుడు ప్రకృతిలో కొన్ని పోలికలు దొరుకుతాయి. ఉష్ణమండల అడవుల్లో ఒక బూజు జాతి చీమ శరీరంలోకి చొరబడి, దాని కండరాల చుట్టూ అల్లుకుని, చీమను ఆకు ఈనెను గట్టిగా కరిచి పట్టుకునేలా చేస్తుంది. చీమ అక్కడే చనిపోతుంది. దాని తలలోంచి మొలిచిన కాడ బీజాలను కింద వెదజల్లుతుంది. ఒక జీవి మరో జీవి నడవడికను మార్చగలదు అనడానికి ఇది నిజమైన ఉదాహరణ.

మనుషుల్లో దీనికి దగ్గరగా వచ్చేది రేబిస్. అది కూడా కాటుతోనే వస్తుంది, మెదడును చేరుతుంది, ప్రవర్తనను మారుస్తుంది. అయితే తేడాలు గమనించాలి. సినిమాలో కాటు పడిన నిమిషాల్లో మనిషి మారిపోతాడు. రేబిస్ వైరస్ నరాల వెంట మెల్లగా ప్రయాణిస్తుంది. లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, కొందరిలో వారంలోనే రావచ్చు. లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం. కానీ ఆ మధ్య కాలమే మనకు రక్షణ. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా టీకా వేయించుకుంటే రేబిస్‌ను ఆపవచ్చు. జాంబీ కథలో కాటు పడితే అంతా అయిపోయినట్టే. నిజ జీవితంలో కాటు పడ్డాకే అసలు పని మొదలవుతుంది.

లెక్కల్లో మాత్రం గట్టిదే

శరీరశాస్త్రంలో తేలిపోయిన జాంబీ గణితంలో బాగా నిలబడుతుంది. ఒక జాంబీ గంటకు ఒకరిని కరుస్తుందనుకుందాం. గంటకు ఇద్దరు, రెండు గంటలకు నలుగురు, పది గంటలకు 1,024 మంది. పందొమ్మిదో గంటకు ఆ సంఖ్య 5,24,288. 2011 జనాభా లెక్కల ప్రకారం నాలుగు లక్షలు దాటిన కర్నూలు నగరం ఒక్క రోజు కూడా గడవకముందే ఖాళీ అయిపోవాలి.

నిజమైన అంటువ్యాధి ఇలా ఆగకుండా రెట్టింపు కాదు. సోకినవారు పెరిగే కొద్దీ సోకనివారు తగ్గుతారు. కోలుకున్నవారు, చనిపోయినవారు గొలుసు నుంచి తప్పుకుంటారు. ఈ మూడు వర్గాల లెక్కను సమీకరణాలుగా రాసినవారు కెర్మాక్, మెకెండ్రిక్. వారి 1927 నాటి పత్రంలో ఆ సమీకరణాలను పోల్చి చూసింది 1905-06లో బొంబాయిలో సంభవించిన ప్లేగు మరణాలతో. మెకెండ్రిక్ భారతదేశంలో వైద్యాధికారిగా పనిచేసినవాడు. రేబిస్ చికిత్సకు పేరుపొందిన కసౌలీ పాశ్చర్ సంస్థకు సారథ్యం కూడా వహించాడు.

2009లో కెనడాలో కొందరు గణిత శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిని జాంబీలకు వర్తింపజేశారు. ఒక చిన్న మార్పుతో లెక్క తలకిందులైంది. జాంబీల విషయంలో చనిపోయినవారు గొలుసు నుంచి తప్పుకోరు, తిరిగి చేరతారు. అందువల్ల త్వరగా, పదేపదే ఎదుర్కొంటే తప్ప మనుషులు గెలవరని వారి నమూనా తేల్చింది. సరదాగా కనిపించే ఈ పని విద్యార్థులకు ఒక ముఖ్యమైన విషయం నేర్పుతుంది. నమూనాలో ఒక్క ఊహ మారితే ఫలితం మొత్తం మారిపోతుంది. 2011లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా విపత్తులకు ఎలా సిద్ధంగా ఉండాలో చెప్పడానికి జాంబీ కథనే వాడుకుంది. తాగునీరు, మందులు, కుటుంబమంతా కలుసుకునే చోటు ముందే చూసుకోమని చెబితే వినని యువత, జాంబీ పేరు చెప్పగానే చదివింది.

సూరత్‌లో ఏం జరిగింది?

ఇప్పుడు నిజమైన భయం దగ్గరికి వద్దాం. 1994 వర్షాకాలంలో తాపీ నది వరదలు సూరత్‌ను ముంచాయి. నీరు తీశాక వీధుల్లో చెత్త, బురద, పశువుల కళేబరాలు మిగిలాయి. సెప్టెంబరు మూడో వారంలో జ్వరం, దగ్గు, నెత్తురు కళ్లెతో కొందరు వేగంగా చనిపోవడం మొదలైంది. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట బయటకు రాగానే లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు విడిచారు. వజ్రాల పనివారు, మరమగ్గాల కార్మికులు వారిలో ఎక్కువ. సూరత్ వస్త్ర పరిశ్రమలో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి కాబట్టి ఆ భయం మన ఊళ్లనూ తాకింది. టెట్రాసైక్లిన్ గొట్టాలు మందుల దుకాణాల్లో దొరకకుండా పోయాయి. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి.

ఇక్కడి వరకు జాంబీ సినిమా సరిగ్గానే ఊహించింది. వ్యాధికన్నా ముందు వార్త పరుగెత్తుతుంది. ఊరి పొలిమేరలో నిలబడ్డ ప్రతి బాటసారీ అనుమానితుడవుతాడు. దగ్గే పక్కింటివాడు శత్రువులా కనిపిస్తాడు. మనుషుల భయాన్ని చూపించడంలో ఈ చిత్రాలు పాఠ్యపుస్తకాలకన్నా ముందుంటాయి.

ఆ తరువాత జరిగిందే సినిమాల్లో కనబడదు. ఊరు విడిచినవారు వెళ్లిన చోటల్లా ప్లేగు అంటుకుంటుందని అందరూ భయపడ్డారు. అలా జరగలేదు. ఊపిరితిత్తుల ప్లేగు సోకాలంటే రోగికి బాగా దగ్గరగా మెలగాలి. సమయానికి యాంటీబయాటిక్ పడితే అది లొంగుతుంది. చాలామంది ప్రైవేటు వైద్యులు నగరం విడిచినా ప్రభుత్వ ఆసుపత్రి సిబ్బంది నిలబడి చికిత్స చేశారు. కొద్ది వారాల్లోనే ఉధృతి తగ్గింది. దేశం మొత్తం మీద మరణాలు యాభైకి కొంచెం పైన ఆగాయి. ప్రతి ప్రాణమూ విలువైనదే. కానీ ఆ రోజుల్లో ఊహించుకున్న ప్రళయానికి, ఈ సంఖ్యకు పోలిక లేదు.

అసలు అది ప్లేగేనా అన్న సందేహం మాత్రం చాలా కాలం నడిచింది. ఆ ప్రశ్నను పరిశీలించిన నిపుణుల సంఘానికి శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త ఉలిమిరి రామలింగస్వామి అధ్యక్షుడు. సంఘం ప్లేగేనని తేల్చింది. 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో ఆ బాక్టీరియాను నిర్ధారించారు. అంటే రోగం తగ్గాక కూడా దాని గురించి తెలుసుకునే పని ఏళ్ల తరబడి సాగింది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు రోజూ చెత్త ఎత్తడం, రాత్రి పూట వీధులు ఊడవడం, అధికారులను ఉదయాన్నే వీధుల్లోకి పంపడం మొదలుపెట్టారు. మురికికి మారుపేరైన సూరత్ రెండేళ్లలోపే దేశంలోని శుభ్రమైన నగరాల సరసన చేరింది.

జాంబీ సినిమాలో వీరులుంటారు, పిచ్చి శాస్త్రవేత్తలుంటారు. పారిశుధ్య కార్మికుడు, నర్సు, ప్రయోగశాల సాంకేతికుడు ఉండరు. ఈ తరహా చిత్రాల పెద్ద బలహీనత ఇదే. తక్కువ బడ్జెట్ దీనికి కారణం కాదు. చీపురు పట్టుకున్న పాత్రను పెట్టడానికి గ్రాఫిక్స్ ఖర్చు కాదు కదా.

టీకాను విలన్ చేయడం

‘జాంబీ రెడ్డి’ విషయంలో ఇంకొక మాట చెప్పుకోవాలి. మన దేశంలో కరోనా టీకాల కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. ఇరవై రోజులకు విడుదలైన సినిమాలో టీకా ప్రయోగమే మహమ్మారికి మూలం. కథకు సమకాలీనత దొరికింది, నవ్వులూ దొరికాయి. కానీ అప్పటికి సూది వేయించుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. శవం లేచి నడవడం కట్టుకథ అని అందరికీ తెలుసు. టీకా వికటించడం అలా కాదు, అది జరగవచ్చని నమ్మేవారు ఉన్నారు. అందుకే ఈ రెండు ఊహలనూ ఒకే తక్కెడలో తూచలేం.

నిజమైన టీకా ఒక శాస్త్రవేత్త గదిలోంచి నేరుగా మనిషి చేతికి రాదు. ముందు జంతువులపై పరీక్షలు, తరువాత పదుల మందిలో భద్రత, వందల మందిలో మోతాదు, వేల మందిలో ఫలితం చూస్తారు. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ మూడో దశలో 25,800 మంది స్వచ్ఛందంగా పాల్గొన్నారు. ఆ దశ ఫలితాలు రాకముందే అత్యవసర అనుమతి ఇవ్వడంపై అప్పట్లో ప్రశ్నలు వచ్చాయి. అవి న్యాయమైన ప్రశ్నలే. గమనించవలసింది, ఆ ప్రశ్నలు గణాంకాల గురించి, పద్ధతి గురించి అడిగినవి.

టీకాల చరిత్రలో ప్రమాదాలు లేవని కాదు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో హాఫ్‌కిన్ ప్లేగు టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు టీకాలో లేదు, కలుషితమైన ఒక సీసాలో ఉందని తరువాత తేలింది. ఇది కూడా భయం గొలిపే కథే. పైగా ఎవరు ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నారో వెతికి పట్టుకునే కథ. ఇలాంటి దాన్ని చెప్పడానికి భారీ బడ్జెట్ అక్కర్లేదు.

చూసేటప్పుడు అడగవలసినవి

ఈసారి జాంబీ సినిమా చూసినప్పుడు పిల్లలతో కలిసి ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. ఇందులో రోగం ఎలా అంటుకుంటుంది? కాటుతోనా, గాలితోనా, నీటితోనా? సినిమా తన నియమాన్ని చివరి దాకా పాటించిందా?

2. సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి ఎంత సమయం పడుతుంది? ఆ సమయంలో ఏం చేసి ఉండవచ్చు?

3. రోగులను లెక్కపెట్టేవారు, పరీక్షించేవారు, వీధులు శుభ్రం చేసేవారు కథలో ఎక్కడ ఉన్నారు?

4. కథలోని ఏ ఊహను ఎవరూ నమ్మరు? ఏ ఊహను కొందరైనా నిజమని నమ్మే అవకాశం ఉంది?

మొదటి రెండు ప్రశ్నలకు ‘జాంబీ రెడ్డి’ లాంటి చిన్న చిత్రాలు పాఠశాలలో చర్చకు సరిపడా సరుకు ఇస్తాయి. మూడో ప్రశ్నకు జవాబు సూరత్ వీధుల్లో దొరుకుతుంది. నాలుగోది దర్శకులు కథ రాసుకునేటప్పుడే వేసుకోవలసిన ప్రశ్న. తెలుగులో మరో జాంబీ సినిమా తీయబోయే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే, ఒక నర్సుకో, చెత్తబండి నడిపే మనిషికో అందులో మంచి పాత్ర రాయండి. సినిమా మరింత భయపెడుతుంది, మరింత నిజంగా కూడా ఉంటుంది.